తాళపుచెవి ఎవరి చేతనున్నది? చిన్న కార్యాలయమునకు సొంత ఈమెయిల్ సర్వర్

మీ దుకాణము ముందున్న బోర్డును ఒకమాటు తలయెత్తి చూడుడు. తండ్రిగారి నాటినుండి వచ్చుచున్న సంస్థ పేరు పెద్ద అక్షరములలో నుండును. దాని క్రింద జీఎస్టీ నంబరు, ఆ ప్రక్కన రెండు ఫోన్ నంబర్లు. అన్నింటికంటె అడుగున, పెయింటరు చోటు చాలక ఇరికించిన సన్నని అక్షరములలో, ఎవరో ఉచితముగా నిచ్చిన ఈమెయిల్ అడ్రసు. పైనున్నవన్నియు మీవే. అడుగున నున్నది మాత్రము మీది కాదు. ఏండ్ల క్రిందట మీ గుమాస్తా తన ఫోన్ నంబరుతో దానిని తెరచినాడు. పాస్‌వర్డు అతనికొక్కనికే తెలియును. ఇంతవరకు ఏ చిక్కును రాలేదు గనుక మీరును దానినిగూర్చి అడిగినవారు కారు.

గుంటూరు మిర్చియార్డు దాపున ఒక చిన్న ఎగుమతి వ్యాపారిని ఊహించుకొనుడు. తేజ రకమును, 334 రకమును కొని కొలంబోకును ఢాకాకును పంపుచుండును, ఆఫీసులో పదిమంది. ఆయన గుమాస్తా ఉత్తముడే. బెంగళూరులో మెరుగైన జీతము దొరకి, చెప్పవలసినవారికందరికిని చెప్పి, నమస్కరించి వెళ్లినాడు. అక్కడ ఫోన్ నంబరు మార్చుకొన్నాడు. పిదప కొన్నాళ్లకు ఆఫీసు కంప్యూటరు చెడి, క్రొత్తదానిలో మెయిల్ తెరువబోగా, ఓటీపీ ఎవరికిని అందని ఆ పాత నంబరునకు పోయినది. బేరములు, బిల్లులు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ల నకళ్లు, కంటెయినరు ఎప్పుడు చేరునని కొనుగోలుదారు వ్రాసిన ప్రశ్న, సమస్తమును ఒక మూసిన తలుపు వెనుక నిలిచిపోయినవి. ఇందులో మోసము చేసినవాడెవడు? ఎవడును లేడు. అందుచేతనే ఇట్టి ఆపద ముందుగా కంటబడదు.

మీకు ఇట్టి గతి పట్టకుండుటకై ఏమేమి చేయవలెనో ఈ అధ్యాయమున వరుసగా చెప్పెదను. కంప్యూటరు పరిజ్ఞానము స్వల్పమైనను వెరవవలసిన పనిలేదు. మెయిల్ సర్వరును నిలుపుట నిజమునకు అంత కష్టము కాదు, నేర్చినవానికి ఒక దినపు పని. ఆ సర్వరు పంపిన ఉత్తరమును లోకము నమ్మునట్లు చేయుట అంతకంటె కష్టము. దానికి కొన్ని వారములు పట్టును. తాళపుచెవులను ఎప్పటికప్పుడు మీ చేతనే యుంచుకొనుట అన్నింటికంటె కష్టము, అది వ్యాపారమున్నంతకాలము సాగవలసిన పని. చిత్రమేమనగా, జనులు మొదటిదానికే భయపడి కడపటిదానిని పూర్తిగా మరచెదరు.

సర్వరు ఎక్కడ నుండవలెను?

దీనికి మూడు మార్గములు కలవు. ఆఫీసులోనే ఒక మూల యంత్రమును పెట్టి నడపుట ఒకటి. డేటా సెంటరులో నెలకింతయని అద్దె చెల్లించి, వీపీఎస్ అనబడు యంత్రభాగమును తీసికొని, అందులో మన సర్వరును మనమే నిలుపుకొనుట రెండవది. జోహో మెయిల్, గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 వంటివానికి మనిషికింత చొప్పున చెల్లించి, మన డొమైను పేరుమీద వారిచేత నడిపించుకొనుట మూడవది.

మొదటిదానిని నేను సలహా చెప్పను. మన యంత్రము మన కన్నులయెదుట నుండవలెనను అభిమానము మెచ్చదగినదే గాని, వేసవిలో కరెంటు పోవును, ఇన్వర్టరు దిగిపోవును, ఏసీ లేని గదిలో యంత్రము వేడెక్కును. వీనినన్నింటిని దాటితిరనుకొన్నను, మామూలు బ్రాడ్‌బ్యాండు కనెక్షనుతో వచ్చు ఐపీ అడ్రసు నేడున్నట్లు రేపుండదు. సర్వరునుండి సర్వరునకు ఉత్తరములు పోవలసిన 25వ పోర్టును పెక్కు కంపెనీలు తామే మూసియుంచును. బ్రతిమాలి తెరిపించుకొన్నను, స్పామ్‌హౌస్ వంటి సంస్థలు ఇండ్ల కిచ్చెడి ఐపీ అడ్రసులలో పెక్కింటిని ‘ఇక్కడినుండి నేరుగా మెయిల్ రాకూడదు’ అను పట్టికలో ముందుగనే చేర్చియుంచును. మీ ఉత్తరము గడప దాటును గాని అవతలివాని గడప నెక్కదు.

ఇక మిగిలిన రెండింటిలో మీకేది తగును? ఒక ప్రశ్న వేసికొనుడు: ఆదివారము మధ్యాహ్నము సర్వరు ఆగిపోయినచో, భోజనము విడిచి లేచి చూచువాడెవడు? వెంటనే ఒక పేరు మీ నోట వచ్చినచో, అనగా లినక్సు తెలిసి, తెలియనిది నేర్చుకొన నిష్టముగల మనిషి మీవద్ద నున్నచో, రెండవ మార్గము మీకు లాభకరము. ఏలయన వీపీఎస్ అద్దె మనుష్యులు పెరిగినకొలది పెరుగదు, మెయిల్ పెట్టెలు పది యున్నను ముప్పది యున్నను ఒకటే. పేరేదియు రానిచో మూడవ మార్గమునే పట్టుడు. అందులో చిన్నతన మేమియు లేదు. అట్టివారు క్రింది సూచనలలో 2, 3 అంకెలు గలవానిని విడిచి తక్కినవి చదువుకొన్న చాలును. 4, 5, 7 అంకెలలో సర్వరు నడపువాని పనులును కొన్ని కలసియున్నవి గాని, వానిని మీరు సొమ్ము చెల్లించు సంస్థ చూచుకొనును.

రెండవ మార్గము పట్టువారికి ఒక ధైర్యవచనము. ఈమెయిల్ నేటికిని 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఎస్ఎమ్‌టీపీ నియమముల పునాదిమీదనే నడచుచున్నది. అవతలి సర్వరు పలుకకున్నచో పంపువాడు ఉత్తరమును పారవేయక, మరల మరల ప్రయత్నింపవలెననియు, నాలుగైదు దినములవరకు ఆశ వదలరాదనియు ఈ నియమావళి చెప్పుచున్నది. కావున రాత్రి ఆగిన సర్వరును ఉదయము లేపినచో, నడుమ వచ్చిన ఉత్తరములు కొంత ఆలస్యముగా నైనను సాధారణముగా చేరును. గాబరాతో సర్వరును చెరిపి మరల మొదటినుండి కట్టుటయే నష్టమునకు హేతువు.

పనులు, వరుసగా

1. డొమైనును మీ పేరుమీదనే కొనుడు.

డాట్ ఇన్ పేర్ల వ్యవస్థ నిక్సీ అను సంస్థ అధీనమున నున్నది; మీరు కొనునది దాని గుర్తింపు పొందిన రిజిస్ట్రారు వద్ద. ఇక్కడ జరుగు పొరపాటు మిక్కిలి సామాన్యమైనది. వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రవాడే డొమైనును కూడ కొని యుండును. “బాబూ, డొమైను ఎవరి పేరు మీదుంది?” అని మీరడిగినచో, “నా అకౌంటులోనే ఉంది సార్, మీకెందుకు, నేను చూసుకుంటాగా!” అని ఆప్యాయముగా బదులు చెప్పును. ఆ ఆప్యాయతకు కృతజ్ఞత చెప్పి, ఆ దినముననే డొమైనును మీ అకౌంటులోనికి బదిలీ చేయించుకొనుడు. రిజిస్ట్రారు అకౌంటునకు ఇచ్చు ఈమెయిల్ మాత్రము ఆ డొమైనుమీద నున్నది కాకూడదు. గడువు తీరి డొమైను ఆగిపోయినచో, ‘మీ గడువు తీరినది’ అను హెచ్చరిక ఆగిపోయిన పెట్టెకే వచ్చును గదా!

పేరు ఎన్నుకొనుటలో మన తెలుగువారికి ప్రత్యేకముగా ఒక చిక్కు కలదు. ‘శ్రీలక్ష్మి’ యని మనము ఒకే తీరున పలికెదము గాని, ఇంగ్లీషు అక్షరములలో ‘శ్రీ’ని ముగ్గురు మూడు విధముల వ్రాయుదురు, ‘లక్ష్మి’ని ఒకరు కే, ఎస్, హెచ్ అక్షరములతో, మరియొకరు ఎక్స్ అక్షరముతో వ్రాయుదురు. ఫోనులో ఒకసారి చెప్పగా విన్నవాడు తప్పులేక వ్రాయగలిగిన పేరే మంచి పేరు. అది సాధ్యము కానిచో, జనులు సాధారణముగా వ్రాయు రెండవ రూపమును కూడ కొని యుంచుడు. ఏడాదికి వ్యయము స్వల్పము. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేర్లును దొరకును. అవి బోర్డుమీద శోభించును. కాని ఆ లిపిగల అడ్రసును అంగీకరింపని మెయిల్ సర్వర్లు ఇంకను చాల నున్నవి గనుక, ఉత్తరములకు వానిని నమ్ముకొనరాదు.

2. వీపీఎస్ తీసికొనుటకు ముందే అడుగవలసినవి అడుగుడు.

స్థిరమైన ఐపీ అడ్రసు నిత్తురా? 25వ పోర్టును తెరతురా? రివర్స్ డీఎన్ఎస్, అనగా పీటీఆర్ రికార్డును, మా సర్వరు పేరున మార్చుకొననిత్తురా? ఈ మూడింటికిని స్పష్టముగా ‘ఔను’ అనని చోట ఒక రూపాయియు కట్టకుడు. పెద్ద పెద్ద క్లౌడు కంపెనీలలోనే 25వ పోర్టును మొదట మూసియుంచుట వాడుక. ఐపీ అడ్రసు చేతికి వచ్చిన తోడనే అది స్పామ్ పట్టికలలో నున్నదేమో వెదకి చూడుడు. మీకు ముందు దానిని అద్దెకు తీసికొన్నవాడు లాటరీ మెయిళ్లు పంపియుండవచ్చును; అతని పాపము మీకంటును. ఉన్నచో వేరొక అడ్రసు అడిగి తీసికొనుడు, వాదముతో కాలము పుచ్చవలదు.

3. సాఫ్ట్‌వేరును ముక్కముక్కగా ఏరి కూర్పకుడు.

ఉత్తరములను పంపి పుచ్చుకొనుటకు వీట్సే వెనెమా 1990లలో రచించిన పోస్ట్‌ఫిక్స్, పెట్టెలను తెరచి చూపుటకు టిమో సిరైనెన్ రచించిన డవ్‌కాట్, చెత్తను వేరుచేయుటకు ఆర్‌స్పామ్‌డీ, బ్రౌజరులో చదువుటకు రౌండ్‌క్యూబ్: ఇవన్నియు ఉచితములు, లోకమున లెక్కలేనన్ని సర్వర్లలో పరీక్షకు నిలిచినవి. వీనిని విడివిడిగా స్థాపించి ఒకదానితో నొకటి పొందుపరచుట విద్యాభ్యాసమునకు మంచిదే, వ్యాపారమునకు కాదు. మెయిల్-ఇన్-ఎ-బాక్స్, మెయిల్‌కౌ, ఐరెడ్‌మెయిల్ అనునవి ఇట్టి భాగములను ఒక్కకట్టగా కట్టి, మరేమియు లేని క్రొత్త సర్వరుమీద తమంతట తామే అమర్చుకొనును. వానిలో నొకదానిని ఎన్నుకొని, అదే సర్వరుమీద వెబ్‌సైటును, లెక్కల ప్రోగ్రామును కూడ ఎక్కింపవలెనను ఆశను చంపుకొనుడు. రెండు జీబీకి తక్కువ మెమరీ గల యంత్రమును తీసికొనవలదు. నాలుగున్నచో నిశ్చింత, మెయిల్‌కౌ వంటి బరువైన కట్టకు ఆరైనను కావలెను.

భద్రతా సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితముగా నిచ్చును. అది సామాన్యముగా 90 దినములు మాత్రమే చెల్లును గనుక తానే మారునట్లు అమర్పవలెను. ఆ మార్పు ఎప్పుడో నిలిచిపోయినచో ఒక ఉదయమున అందరి ఫోనులమీదను హెచ్చరిక కనబడును. అందరును చదువకయే ‘సరే’ యని నొక్కుదురు. ఆ అలవాటు హెచ్చరికకంటె ప్రమాదము.

4. డొమైను డీఎన్ఎస్ రికార్డులను అర్థము చేసికొని వ్రాయుడు.

ఇచ్చట కొంత నిదానింపవలెను. క్రొత్త సర్వర్ల ఉత్తరములు స్పామ్ పెట్టెలో పడుటకు మూలము తరచుగా ఇచ్చటనే యుండును. పూర్వము సంస్థానములనుండి వెడలు లేఖను తలచుకొనుడు. దానిని తెచ్చుటకు అర్హులైన సేవకులెవరో అవతలి దివాణమునకు ముందే తెలిసియుండవలెను. లేఖమీద లక్కముద్ర చెదరక యుండవలెను. సేవకుడును ముద్రయు సరిపడనిచో లేఖను ఏమి చేయవలెనో రాజుగారి యుత్తరువుండవలెను. ఎస్‌పీఎఫ్ అనునది సేవకుల పట్టిక. మీ పేరున ఏయే సర్వర్లు ఉత్తరములు పంపవచ్చునో అది చెప్పును. డీకిమ్ అనునది ముద్ర. నడుమ ఎవడైన అక్షరము మార్చినచో అది చెడును. డీమార్క్ అనునది ఉత్తరువు. మీకు వచ్చు ఉత్తరములు ఎక్కడికి రావలెనో చెప్పు ఎమ్ఎక్స్ రికార్డు వేరుగా నుండనే యున్నది.

ఇక సాధారణముగా జరుగు తప్పులు. ఒక డొమైనునకు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే యుండవలెను. పాతదానిని తీయక క్రొత్తది చేర్చువారు చాలమంది. రెండున్నచో రెండును చెల్లవు. ఒక ఎస్‌పీఎఫ్ రికార్డును పరిశీలించుటకు పదింటిని మించిన డీఎన్ఎస్ వెదుకులాటలు పనికిరావు గనుక, ఎప్పుడో మానివేసిన సేవల పేర్లను అందులో పోగుచేసి యుంచకుడు. డీకిమ్ తాళమును 2048 బిట్లతో చేయించుడు. అది 255 అక్షరములను మించును గనుక కొన్ని రిజిస్ట్రార్ల పేజీలలో దానిని రెండు ముక్కలుగా వ్రాయవలసియుండును. అతికించునపుడు నడుమ ఒక అక్షరము జారిపోయినచో ముద్ర చెల్లదు. ఎందుకు చెల్లలేదో ఎంత వెదకినను తెలియదు.

డీమార్క్‌ను మొదటి దినముననే కఠినముగా పెట్టుట మరియొక తొందరపాటు. ‘నన్’ అను మెట్టుమీద కొన్ని వారములుంచి, వచ్చు నివేదికలను చూడుడు. అప్పుడు మీరు మరచిన సేవకులు బయటపడుదురు: వెబ్‌సైటులోని విచారణ ఫారము, కొనుగోలుదారులకు ఇన్వాయిసులను పంపు బిల్లింగు ప్రోగ్రాము, ఎప్పుడో ఎవరో స్కానరులో పెట్టిన మెయిల్ అమరిక. వీనినన్నింటిని సరిచేసిన పిదపనే ‘క్వారంటైన్’కు, తరువాత ‘రిజెక్ట్’కు ఎక్కుడు. ‘మాది చిన్న సంస్థ, మాకీ పట్టింపులేల?’ యందురా? 2024 ఫిబ్రవరినుండి జీమెయిల్‌కు ఉత్తరములు పంపువారందరికిని ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనను, సరియైన పీటీఆర్ రికార్డును తప్పనిసరి యైనవి. దినమునకు ఐదువేలు మించి పంపువారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడును కావలెను. మీ కొనుగోలుదారులలో ఎందరు జీమెయిల్ వాడుచున్నారో లెక్కింపుడు.

5. తలుపులలో కొన్నింటిని మూయుడు.

ఇతర సర్వర్లు మీకు ఉత్తరము లిచ్చుటకు 25వ పోర్టు, మీ ఉద్యోగులు పంపుటకు 587 గాని 465 గాని, చదువుకొనుటకు 993. ఇవిగాక బ్రౌజరులో చదువుకొనుటకు 443 తెరచి, మిగిలినవాని నవసరమున్న మేరకే తెరచియుంచుడు. పాస్‌వర్డు లేకయే ఎవడైనను మీ సర్వరు ద్వారా మూడవవానికి ఉత్తరము పంపగలిగినచో దానిని ఓపెన్ రిలే అందురు. స్పామ్ పంపువారు అట్టిదానిని పసిగట్టుటకు ఎక్కువ కాలము పట్టదు. తప్పు పాస్‌వర్డులతో తలుపు తట్టుచుండువానిని ఫెయిల్‌టుబ్యాన్ వంటి ప్రోగ్రాము కొంతసేపు వెలివేయును. సర్వరు పెట్టిన గంటలలోనే లాగులో, అనగా సర్వరు తన పనులను వ్రాసికొను పట్టికలో, చైనానుండి, బ్రెజిలునుండి, ఎచ్చటెచ్చటినుండియో ప్రయత్నములు కనబడిన భయపడకుడు. అవి మీమీద పగతో వచ్చినవి కావు. ఇంటర్నెట్టున ప్రతి సర్వరునకును అంతే.

6. అడ్రసులను మనుష్యులకు గాక పనులకు పెట్టుడు.

అమ్మకములకు ఒకటి, లెక్కలకు ఒకటి, ఎగుమతి పత్రములకు ఒకటి. బయటివారు ఎరుగవలసినవి ఇవియే. ఉద్యోగి మారినను అడ్రసు మారదు, కొనుగోలుదారునకు తెలియనైనను తెలియదు. కాని ఆ పెట్టె పాస్‌వర్డును నలుగురికి పంచుట తగదు. ప్రతివానికి వేరు లాగిన్ ఇచ్చి, అమ్మకముల పెట్టెకు వచ్చినది ఆ ఇద్దరికో ముగ్గురికో అందునట్లు అమర్పుడు. అప్పుడు ఒకడు వెళ్లిపోయినచో అతని లాగిన్ ఒక్కటి మూసిన చాలును. పోస్ట్‌మాస్టర్ అను అడ్రసు ప్రతి డొమైనునందును పనిచేయవలెనని నియమము కలదు. దానిని తెరచి, వారమునకొకసారియైనను చదువువా డొకడుండవలెను.

ఫోనులలోను కంప్యూటర్లలోను అమర్చునపుడు ఐమ్యాప్‌నే ఎన్నుకొనుడు. పాప్ అను పాత పద్ధతిలో ఉత్తరములు ఒక కంప్యూటరునకు దిగి, పెక్కు అమరికలలో సర్వరునుండి మాసిపోవును. ఆ కంప్యూటరుతోడనే అవియు పోవును.

7. మారు దినమును తీరిక చూచి ఎన్నుకొనుడు.

సీజను నడుమ వలదు. యార్డు మూసిన సెలవులైనచో శ్రేష్ఠము. రెండు దినముల ముందే డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను, అనగా ఇతరులు పాత రికార్డును జ్ఞాపకముంచుకొను కాలమును, 300 సెకండ్లకు తగ్గించినచో, మార్పు లోకమంతట త్వరగా తెలియును. పాత ఉత్తరములను ఐమ్యాప్‌సింక్ వంటి ప్రోగ్రాముతో తెచ్చుకొనవచ్చును. పాత ఉచిత అడ్రసును మూసివేయకుడు. ఏడాదిపాటైనను అందులోనికి వచ్చునవి క్రొత్త పెట్టెకు చేరునట్లు ఉంచుడు. జీఎస్టీ పోర్టలులోను, బ్యాంకులలోను, కస్టమ్స్ ఏజెంటు వద్దను, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషనులోను ఇచ్చియున్న అడ్రసును ఒక్కొక్కటిగా మార్చుకొనుడు. ఇది విసుగు పుట్టించు పని. దీనిని వాయిదా వేసినవారికే పన్నుల శాఖవారి నోటీసు పాత పెట్టెలో పడి, గడువు దాటిన తరువాత కనబడును.

క్రొత్త సర్వరు మొదటి వారములలో కొద్దికొద్దిగా పంపవలెను. ఒక స్థితిని ఊహించుకొనుడు: సర్వరు బుధవారము సిద్ధమైనది, ఆదివారము ఉగాది, యజమానికి ఉత్సాహము కలిగి, ఇరువదేండ్లుగా పోగైన విజిటింగు కార్డులలోని అడ్రసుల కన్నింటికిని శుభాకాంక్షలు పంపించినాడు. సగము అడ్రసులు ఎన్నడో మూతపడినవి. మిగిలినవారిలో కొందరు ‘స్పామ్’ అని నొక్కినారు. ముందెన్నడు నెరుగని ఐపీ అడ్రసునుండి ఒక్కమారుగా ఇన్ని ఉత్తరములు వచ్చినపుడు, గూగుల్ సర్వరు శుభాకాంక్షలని చూడదు, వెల్లువను మాత్రము చూచును. సోమవారమునుండి అసలు ఇన్వాయిసులును స్పామ్ పెట్టెలో పడసాగినవి. శుభాకాంక్షలు వాట్సాప్‌లో పంపుకొనుడు, తప్పులేదు.

8. నకళ్లు తీసి, తీసినవి పనిచేయునో లేదో చూడుడు.

ప్రతి రాత్రియు సర్వరులోని పెట్టెల నకలు మరియొక ఊరిలోని మరియొక సంస్థ యంత్రముమీదికి పోవలెను; అదే డేటా సెంటరులో నుంచినది నకలు కాదు. మూడు నెలలకొకసారి ఒక పెట్టెను నకలునుండి తిరిగి తెరచి చూడుడు. లాగుల విషయము చట్టముతో ముడిపడినది: 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ వారు ఇచ్చిన ఆదేశముల ప్రకారము వానిని 180 దినములు భద్రపరుపవలెను, సర్వరులోనికి ఎవడైన చొరబడుట వంటివి జరిగినచో తెలిసిన 6 గంటలలో వారికి తెలియజేయవలెను. వ్యాజ్యమున ఈమెయిల్‌ను సాక్ష్యముగా పెట్టవలసివచ్చినచో భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ధ్రువపత్రము కావలెను గనుక, ముఖ్యమైన బేరముల ఉత్తరములను చెరుపకుడు. వాని ప్రింటు ఒక్కటి యున్న చాలునని వకీలుగారు చెప్పరు.

9. డబ్బు సంగతి ఈమెయిల్‌తో తేల్పకుడు.

పైవన్నియు చక్కగా చేసితిరి. ఉత్తరములు చేరుచున్నవి, తలుపులు భద్రముగానున్నవి. ఒకనాడు కొలంబోలోని మీ కొనుగోలుదారునకు మీ సంస్థ పేరున ఒక ఉత్తరము వచ్చును: ‘ఆడిటు కారణముచేత మా ఖాతాను వేరొక బ్యాంకునకు మార్చినాము, ఈ కంటెయినరు సొమ్మును దిగువ ఖాతాకు పంపగలరు.’ సంతకము మీదే. ఇన్వాయిసు నంబరు సరియైనదే. అంతకుముందు మీరిద్దరును వ్రాసికొన్న మాటలు కూడ దిగువ నున్నవి. ఒక్క డొమైనులో మాత్రము ఒక అక్షరము వేరు. ఎవడో మీ గుమాస్తా పాస్‌వర్డును గాని, కొనుగోలుదారు గుమాస్తా పాస్‌వర్డును గాని కాజేసి, వారములకొలది మౌనముగా చదువుచు సమయమునకై కాచుకొనియుండును.

డీమార్క్ ఇట్టిదానిని ఆపదు. అది మీ డొమైను పేరుతోనే దొంగ ఉత్తరములు పంపువానిని ఆపునుగాని, మీ డొమైనును పోలిన వేరొకదానిని కొన్నవానిని ఆపజాలదు. మరి ఆపునదేమి? మొదట, మెయిల్ లాగిన్‌లకు రెండవ తాళము, అనగా ఫోనులోని యాప్ చూపు అంకె. లెక్కల పెట్టెకు, యజమాని పెట్టెకు, రిజిస్ట్రారు అకౌంటునకు ఇది తప్పనిసరి. యజమానులే ‘నాకు ఆ గొడవ వద్దు’ అనుచుందురు. వారి పెట్టెయే దొంగకు మిక్కిలి ప్రియము. పిమ్మట, పెట్టెలలో తెలియని ఫార్వర్డు అమరిక యున్నదేమో నెలకొకసారి చూడుడు. లోపల ప్రవేశించిన దొంగ సాధారణముగా చేయు పనులలో, మీ ఉత్తరముల నకలు తనకు పోవునట్లు అట్టి అమరిక పెట్టుట ఒకటి.

అన్నింటికంటె బలమైనది యంత్రమునకు సంబంధించినది కానేకాదు. బ్యాంకు ఖాతా మార్పు ఈమెయిల్‌లో ఎన్నడును చెప్పబడదనియు, చెప్పబడినచో ముందునుండి తెలిసిన ఫోన్ నంబరునకు, ఉత్తరములోనున్న నంబరునకు కాదు, ఫోన్ చేసి ఎరిగిన గొంతు విన్న తరువాతనే నమ్మవలెననియు, మీ కొనుగోలుదారులకందరికిని ఇప్పుడే వ్రాయుడు; మీ అకౌంటెంటునకును ఇదే నియమము, ఉత్తరము సాక్షాత్తు మీ పేరుననే వచ్చినను. ఆ వాక్యమును ప్రొఫార్మా ఇన్వాయిసు అడుగున, బ్యాంకు వివరములకు సరిగా పైన, ఎర్ర అక్షరములతో అచ్చువేయించుడు. పాత ఫారములు ఇంకను రెండు కట్టలు మిగిలియున్నవందురా? రబ్బరు స్టాంపు చేయించి వానిమీదను వేయించుడు.